బాగా తెలిసిన ఇల్లు

మా మిద్దె కారుతుందని లండన్ నుంచి ఒక దొర ఉత్తరం రాశాడంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ ఉత్తరం వచ్చినప్పుడు నేను వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాను. మా ఆయన వేసిన కేకకు ఉలిక్కిపడి చేటెడు జొన్నలు మట్టిలో పోశాను. వాటిని ఏరుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో కూడా గుర్తుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, యాభై అయిదో సంవత్సరం. మా మరిది దేవేంద్రప్ప బొంబాయిలో అయిదేళ్లు ఇళ్ల నమూనాలు గీసే చదువు చదివి వచ్చి, కర్నూల్లో కట్టడాల ఆఫీసులో పనికి కుదిరాడు. ఆఫీసంటే గోడలూ కప్పూ అనుకునేరు. డేరా. "ఊరందరికీ ఇండ్లు గీసేటోళ్లకు మీకొక ఇల్లు ల్యాదా నాయనా?" అని మా అత్త భీమమ్మ అడిగితే పాపం తల గోక్కునేవాడు. డేరాకు వచ్చిన ఉత్తరం గాలికి ఎగిరిపోతుందని భయపడి, పై చదువుకు దేశదేశాలకు పెట్టిన అర్జీలన్నిటిలో మా ఊరి అడ్రసే ఇచ్చాడు. మా ఊరు ఆదోనికి ఎనిమిది మైళ్లు.

మొదట వచ్చింది అమెరికా కవరు. సీటు ఇచ్చాం, ఖర్చంతా మాదే, ఒప్పుకుంటున్నట్టు ఈ కాగితం మీద సంతకం చేసి ఫలానా తేదీలోగా పంపు, లేకుంటే ఇంకొకరికి ఇస్తాం అని దాని సారాంశం. దాంతోపాటు నున్నటి కాగితాల పుస్తకం ఒకటి పంపారు, అన్నీ బొమ్మలే. మా ఆయన హనుమన్న ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకొని ఆదోని పత్తి మండీలో కనిపించిన వాళ్లకల్లా చూపించి వచ్చాడు. తమ్ముడికి కబురు పంపితే వాడు పది రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చాడు. ఆ పొద్దు అందరం వాకిట్లో కూర్చున్నాం.

"ముప్పై అంతస్తులంటమ్మా!" అని మా ఆయన వాళ్లమ్మకు బొమ్మ చూపించాడు. "గోడలన్నీ అద్దాలే. ఇట్లాటివి కట్టేది నేర్పుతారంట మనోనికి."

అత్త ఆ బొమ్మను దూరంగా పట్టుకొని ఒకసారి, దగ్గరగా పట్టుకొని ఒకసారి చూసింది. "అద్దం గోడకు పిడకలెట్ల నిలుస్తాయిరా?"

"ఆడ పిడకలు కొట్టరమ్మా."

"ఎనుములు ల్యావా?"

"ల్యావు."

"ఎనుములు ల్యాని ఊరికి పిల్లోన్ని పంపిస్తాండావా?"

అందరం నవ్వాం. దేవేంద్ర కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పెదాల దాకానే వచ్చింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడికి ఏడేళ్లు. నేను కలిపి పెట్టిన ముద్ద తిని పెరిగినవాడి నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదా?

నాలుగో రోజు లండన్ ఉత్తరం వచ్చింది. ఒకటే కాగితం, బొమ్మల్లేవు. చదువుతూ చదువుతూ వాడి మొహం చిన్నబోయింది.

"ఏమప్పా, సీటియ్యమన్నారా?" అన్నాడు మా ఆయన.

"ఇయ్యమనలేదన్నా. ఇస్తామనీ అనలేదు."

విడమరిచి చెప్పమంటే చెప్పాడు. ఆ లండన్ బడిలో ఎండ దేశాల ఇళ్ల గురించే నేర్పుతారట. 'నీకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి గీసి పంపు' అని అర్జీలోనే అడిగారట. వీడు మా ఇల్లే గీసి పంపాడు. దానికి ఆ బడి పెద్ద రాసిన జవాబు ఇది. వాడు చదివి తెలుగులో చెప్పాడు.

"'నువ్వు గీసినట్ల మిద్దె మీద మట్టిని సమంగా, ఒకే మందంలో పరిస్తే మొదటి వానకే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. అయితే నీ ఇల్లన్నా కారుతా ఉండాల, ల్యాకుంటే నీ బొమ్మన్నా తప్పయి ఉండాల. ఏది నిజమో రాయి. అది చూసినంక సీటు సంగతి ఆలోచిస్తాం' అంటాండాడు."

అప్పుడే మా ఆయన కేక వేసింది, నా జొన్నలు పోయింది.

"కారుతాదా? మా నాయన కట్టిన మిద్దె! ఇరవై ఏండ్లాయ, ఒక్క చుక్క కారిందేమో నా ముందరకొచ్చి చెప్పమను. యాడనో లండన్లో కూసోని ఆదోని మిద్దె కారుతాదంటాడా!"

"ఇల్లు కారదన్నా," అన్నాడు దేవేంద్ర మెల్లగా. "నా బొమ్మే తప్పు."

"అయితే దిద్ది పంపు."

"యాడ తప్పో తెల్దు."

అంత చదువు చదివినవాడికి సొంత ఇంటి కప్పు తెలియకపోవడం ఏమిటని ఎవరైనా అనుకుంటారు. మా ఊరి పద్ధతి అలాంటిది. గోడలు లేపడం, దూలాలు ఎత్తడం, దూలాల మీద అడ్డంగా దంతెలు వేసి కట్టె పేర్చడం మేస్త్రీ పని, మగవాళ్ల పని. ఆ పైన పడే మట్టి మాత్రం ఇంటి కోడలిది. ఏటా ముంగారు వానలకు ముందు కోడలు మిద్దె ఎక్కి కొత్త చౌడుమట్టి పోయాలి. ఎలా పోయాలో అత్త నేర్పాలి. ఆ రోజు మగవాళ్లు కిందనుంచి గంపలు అందిస్తారే తప్ప నిచ్చెన దాటి కాలు పెట్టరు. మగవాడి అడుగు పడితే చౌడు అణగదని ఒక మాట. దేవేంద్ర ఆ కప్పు కింద పెరిగాడు, వేసవిలో దాని మీద పడుకున్నాడు, దాని లోపల ఏముందో ఏనాడూ చూడలేదు.

అయినా మగబుద్ధి కదా, ముందు మేస్త్రీ ఆంజనేయ దగ్గరికే పోయాడు. ఆంజనేయ బీడీ తీసి, "నన్నడుగుతావేమప్పా? నా పని కట్టె పేర్చే వరకే. ఆ పైన మీ వదిన రాజ్యం. బొంబాయిలో ఐదేండ్లు చదివినావు, వదిన కాడ ఐదు దినాలు చదువుకో" అన్నాడట.

వాడు వచ్చి పొయ్యి దగ్గర నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను రొట్టెలు తట్టుతున్నాను.

"వదినా, మన మిద్దె మీద మట్టి ఎన్ని అంగుళాలుంటాది?"

"అంగుళాలు నాకేం తెల్సు? నీళ్లు పోయే దోనె కాడ బెత్తెడు, వెనక గోడ కాడ జానెడు."

"అంతటా సమంగా ఉండదా?"

నాకు నవ్వాగలేదు. "సమంగా ఉంటే నీళ్లు యాడికి పోతాయి దేవేంద్రా? నిన్నడిగి పోతాయా?"

వాడు నవ్వలేదు. జేబులోంచి పెన్సిలు తీశాడు. మట్టి కింద ఏముంటుంది, దాని కింద ఏముంటుంది, వాన పడితే ఏమవుతుంది, ఒకటే అడగడం. నేను రొట్టె మాడగొట్టాను. "నోటితో చెప్తే తెలిసేది కాదు, పా. పెరికి చూపిస్తా" అన్నాను.

ఆ మాట విని అత్త వసారాలోంచి లేచి వచ్చింది. "ఏమంటివి మహాదేవీ? ముంగారు నెత్తి మీద ఉండాది, మిద్దె పెరుకుతావా? అదీ మగోన్ని ఎక్కించుకోని!"

"ఒక చాపంత జాగానే అత్తా. మళ్లా నేనే మూస్తా. నువ్వు నాకు నేర్పినప్పుడు నేనూ ఏమీ తెలీని కోడలినే కదా? వీడూ అంతే అనుకో."

అత్త కాసేపు నన్నూ వాణ్నీ మార్చి మార్చి చూసింది. "అట్లయితే కోడలు మోసినట్లే మొయ్యాల. గంపలన్నీ వాడే నెత్తిన పెట్టుకోని నిచ్చెనెక్కాల. మధ్యలో పెట్టేసి బొమ్మలు గీసుకుంటా కూసుంటే ఒప్పుకోను."

మా ఆయన అలిగాడు. "చేతిలో ఉన్నదాన్ని ఇడిసి, ఇస్తాడో ఇయ్యడో తెలీనోని కోసం ఇల్లు పెరుకుతారా? శనివారం బస్సుకు అమెరికా కాయితం పోవాల. అది దాటితే టపా అందదు. అంతే నేను చెప్పేది." ఆ రోజు మంగళవారం.

బుధవారం పొద్దున చుట్టుపక్కల మిద్దెల మీదికి జనం ఎక్కారు, మావాణ్ని చూడటానికి. తలకు గుడ్డ చుట్ట, చుట్ట మీద గంప, ముక్కు మీద కళ్లద్దాలు. "ఏం దేవేంద్రమ్మా, అత్త బాగా చూసుకుంటాందా?" అని నాగక్క పక్క మిద్దె నుంచి అరిచింది. "అత్త మంచిదే పిన్నమ్మా, వదినే గంపలో మట్టి ఎక్కువేస్తాండాది" అని వీడూ తగ్గలేదు.

పలుగుతో చాపంత మేర పెరికాను. పైన చౌడు, కింద బాగా తొక్కిన బంకమట్టి, దాని కింద వెంపలి మండలు, ఆ కింద ఆంజనేయ పేర్చిన కట్టె. కట్టె సందుల్లోంచి ఇంట్లో అత్త తల కనిపించింది. "మూయండే, దుమ్ము పడతాండాది!" అని ఆమె కింద నుంచి. దేవేంద్ర ఆ గుంత పక్కన బోర్లా పడుకొని, ఒక్కొక్క పొరకూ టేపు పెట్టి, వేలితో తాకి, కాగితం మీద గీసుకున్నాడు. వెంపలి మండ ఒకటి లాగి విరిచాడు. ఇరవై ఏళ్లయినా అది పుచ్చలేదు. "దీనికి చెదలెందుకు పట్టల్యా?" అన్నాడు. "చేదు కదా నాయనా. నీకు పడతాదా చేదు?" అన్నాను.

మధ్యాహ్నం గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నప్పుడు అడిగాను. "నిజం చెప్పు దేవేంద్రా. అమెరికా సీటు చేతికొచ్చింది. మీ అన్న ఆదోనంతా చెప్పుకున్నాడు. నీకు ఈ లండన్ పిచ్చి ఏంటికి?"

వాడు చేతుల మట్టి దులుపుకుంటూ చెప్పాడు. "కర్నూల్లో నేను గీసిన మొదటి ఇల్లు ఒక షావుకారిది వదినా. సిమెంటు కప్పు, శానా బాగా వచ్చింది. ఊరంతా చూసి పోయినారు. మధ్యాన్నమైతే ఆ షావుకారు అందులో ఉండల్యాక ఎదురింటి మట్టి మిద్దె అరుగు మీద పండుకుంటాండాడు. పోతా వస్తా నేను చూస్తాండా. మన ఇంట్లో మధ్యాన్నం సల్లగా నిద్ర పడతాది. అదెందుకో నాకు తెల్దు. తెలుసుకోకుండా ముప్పై అంతస్తులు కట్టి ఏం చేసేది?"

లేచి, వంక పక్కనుంచి తెప్పించిన కొత్త చౌడు గుప్పెడు తీసి వాడి ముందు పెట్టాను. "నాలుక మీద వేసుకో."

"మట్టా?"

"వేసుకో అంటాండా కదా."

వేసుకున్నాడు. మొహమంతా ముడుచుకుపోయింది.

"సురుక్కుమనిందా?"

"ఊ. ఉప్పగా... సురుక్కుమంటాండాది."

"అట్లుంటే మిద్దెకు. కమ్మగుంటే చేనికి. సురుక్కుమన్న మట్టి వాన తగిలితే ఉబ్బి సందులన్నీ మూసుకుంటాది, గడ్డి మొలవనీదు. ఇది మా అత్త నాకు చెప్పింది, ఆమెకు వాళ్లత్త."

వాడు ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపాడు. "దీన్ని ఎట్ల గీయాల వదినా?"

"గీసేదేంటికి? మట్టే పంపు. నాలుక మీద వేసుకోని చూడమని మా వదిన చెప్పిందని రాయి."

బెత్తెడు, జానెడు అంటే దొరకు ఎట్లా తెలుస్తుందని అడిగితే, వాడు నా చేతిని కాగితం మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీశాడు. తరువాత టేపుతో కొలిచాడు. నా జానెడు ఎనిమిదింబావు అంగుళాలట. బొటనవేలి పక్కన చౌడుకు పగిలిన చీలిక ఉంటే దాన్ని కూడా గీశాడు. "అదేంటికి రా?" అంటే, "అది కూడా కొలతే వదినా" అన్నాడు.

శనివారానికి గుంత మూయడం మిగిలింది. మండలు పరిచి, బంకమట్టి తొక్కి, చౌడు పోస్తున్నాం. మబ్బు దక్షిణాన కట్టింది. మా ఆయన నిచ్చెన మధ్యలోకి ఎక్కి ఆగాడు. పద్ధతి తప్పకూడదు కదా, మిద్దె మీద కాలు పెట్టలేదు. ఒక చేతిలో అమెరికా కాగితం, ఒక చేతిలో పెన్ను.

"దేవేంద్రా, సంతకం."

"చేతులు మట్టిగా ఉండాయన్నా. ఇది మూసి వస్తా."

"మూడింటికి బస్సు."

"ఊ."

"నేను మూస్తాలే, పో నాయనా" అన్నాను. మనసులో ఏముందో నాకే తెలియదు, అనాలి కాబట్టి అన్నాను.

వాడు తలెత్తలేదు. "దోనె కాడ బెత్తెడే కదా వదినా?" అని చెక్క తీసుకొని చౌడు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినచోటే కొట్టాడు. రోడ్డు మీద బస్సు హారను మోగింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము ఆదోని దిక్కుగా సాగి, సన్నబడి, అణిగింది. వాడు చెక్క పక్కన పెట్టి, "వదినా, ఈడ వాటం సరిపోయిందా చూడు" అన్నాడు. నేను చెంబుతో నీళ్లు పోశాను. నీళ్లు ఎక్కడా నిలవకుండా దోనెలోకి పోయాయి.

మా ఆయన నిచ్చెన మీద ఇంకా నిలబడే ఉన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని దిగిపోయాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ముంగారు వచ్చింది. రావడం కాదు, మీద పడింది. అందరం ఇంట్లోకి చేరాం. మా ఆయన లోపలికి పోయి ఇత్తడి కంచం తెచ్చి, మేము పెరికి మూసిన చోటుకు సరిగ్గా కింద పెట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఒక్క చుక్క పడనీ చెబుతా అన్నట్టు. దేవేంద్ర గోడకు ఆనుకొని నిలబడ్డాడు. వాడి చేతిలో అమెరికా లేదు, లండన్ లేదు, పైనున్న ఆ చాపంత మట్టి తప్ప. అత్త నా చేయి పట్టుకుంది. మిద్దె మీద వాన మోత, బయట దోనెలోంచి బండ మీద ధార. లోపల కంచం. ఎంతసేపు చూశామో. వాన వెలిసింది. మా ఆయన వంగి కంచాన్ని అరచేత్తో తుడిచాడు. ఆ చేతిని తమ్ముడికి చూపించాడు.

"దుమ్ము," అన్నాడు. "రాయి ఆ దొరకు. వాన పడినంక మా కంచంలో దుమ్ము తప్ప ఏం పడలేదని రాయి. మా నాయన పేరు కూడా రాయి."

కొత్త బొమ్మ పోయింది, మూలన నా చేతితో సహా. చౌడు ఒక పౌడరు డబ్బీలో పోసి, మూత మీద గుడ్డ చుట్టి కుట్టాను. దేవేంద్ర కర్నూలుకు పోయాడు. ఆపైన నలభై రోజులు. పత్తి మండీలో మా ఆయన్ని ఊరికే ఉండనివ్వలేదు. "ఏం హనుమన్నా, అమెరికా ఏమాయ?" అంటే, "వానలు కదప్పా, దారి బాగల్యాదు" అనేవాడు. ఇంటికి వచ్చి నా వైపు చూసేవాడు. దొర కాదంటే ఆ మాట పడాల్సింది నేనే. వేరుశెనగ చేలో కలుపు తీస్తున్నా నా చెవులు రోడ్డు మీదే ఉండేవి.

జవాబు వచ్చిన రోజు దేవేంద్ర ఆఫీసుకు సెలవు కాదు, అయినా పోస్టాయన కవరు ఇచ్చీ ఇవ్వకముందే మా ఆయన కర్నూలు బస్సెక్కి డేరాలో తమ్ముణ్ని వెతికి పట్టుకొని తీసుకొచ్చాడు. అందరి ముందూ చదవాలని ఆయన పంతం. దేవేంద్ర చదివాడు.

"'మీ వదిన చెప్పినట్లే నాలుక మీద వేసుకొని చూసినాను. సురుక్కుమంది. మా పిల్లలందరి చేతా వేయించినాను. మీ ఇల్లు కారదని ఒప్పుకుంటాండాను. సీటు ఇచ్చినాం, ఖర్చు మేమే చూసుకుంటాం, అక్టోబరుకు వచ్చి చేరు. బొమ్మ మూలన ఉన్న చెయ్యి ఎవరిదో రాయలేదు. ఎవరు కొలిస్తే వాళ్ల పేరు బొమ్మ మీద ఉండాల. బొమ్మ తిప్పి పంపుతాండాను, పేరు రాసి తీసుకొని రా.'"

అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో మహాదేవీ, దొరకు మట్టి తినిపించినావా!" ఆ మాటను ఆమె బతికున్నన్నాళ్లూ వీధిలో చెప్పుకుంది. దేవేంద్ర బొమ్మ తెరిచి, నా చేతి కింద నా పేరు ఇంగ్లీషులో రాసి, తెలుగులో కూడా రాశాడు. తెలుగులో ఉన్నది నేను కూడబలుక్కొని చదువుకున్నాను. రెండుసార్లు.

వాణ్ని రైలెక్కించడానికి ఆదోని స్టేషనుకు పోయాం. బొంబాయి మెయిలు ఆలస్యం. బల్ల మీద పక్కన ఒక పెద్దమనిషి, నెత్తిన రుమాలు, చేతిలో వక్కల సంచి. మా ట్రంకుపెట్టె చూసి మా ఆయన్ని పలకరించాడు. "పిల్లోడు యాడికప్పా?"

"లండన్."

"ఏం చదువుకు?"

"మిద్దెలేసే చదువు."

ఆయన నవ్వాడు. "మిద్దెలేసేది నేర్చుకునేకి లండన్ దాకా పోవల్నా? అది ఈడ ల్యాదా?"

మా ఆయన నా వైపు చూడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వంట బాగుందని కూడా ఏనాడూ అనని మనిషి. రైలు పట్టాల వైపు చూస్తూ, గొంతు సవరించుకొని, స్టేషనంతా వినబడేలా చెప్పాడు.

"ఈడ సగం చదివినాడప్పా, మా ఇంటిదాని కాడ. మిగిలిన సగానికి పోతాండాడు."